పల్లంలో పావురాల గూడు

ముప్పై పావురాలను ఒకేసారి కాటా మీద పెట్టినా పదిహేను కిలోలు తూగవు. "వాటికి పునాది ఏమిటి, నాలుగు కొబ్బరి దుంగలు పాతి పైన రేకు కప్పితే చాలదా" అన్నాడు మా తోడల్లుడి కొడుకు. అన్నట్టే పాతాడు కూడా. కాలువలకు నీళ్లు వదిలి నెల తిరక్కుండానే గూడు తూర్పుకు ఒరిగింది. తలుపు రెక్క చట్రానికి పట్టేసింది. గింజల డబ్బా ఎక్కడ పెట్టినా తెల్లారేసరికి ఒకే మూలకు చేరుతోంది. అప్పుడు గుర్తొచ్చాను నేను. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి దిగిపోయినవాడికి చుట్టాలిచ్చే గౌరవం ఇలాగే ఉంటుంది. పని చెడ్డాక పిలుస్తారు.

మాది కోనసీమ, అమలాపురానికి పడమరగా, వైనతేయ పాయకు దగ్గర్లో. వాడి తోటలో మెరక ఉన్నంత మేరా కొబ్బరే. గూటిని మెరక మీద కట్టవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. వాడు పెంచేవి హోమర్లు, ఎక్కడో దూరాన వదిలినా గూటికి తిరిగొచ్చే పావురాలు. దూరం నుంచి వచ్చిన పావురం ఒకటి రెండు చుట్లు తిరిగి గూటి మీద వాలాలంటే ముందు ఖాళీ ఆకాశం కావాలి. కొబ్బరి మట్టల సందుల్లోంచి దిగమంటే దిగదు. ఏ చెట్టు చివరో కూర్చుని గంటలు గడుపుతుంది, లేదా డేగ నోట పడుతుంది. తోటలో ఆకాశం కనిపించే చోటు ఒక్కటే, కొబ్బరికీ వరిచేనుకూ మధ్యనున్న పల్లం. ఆగస్టులో అక్కడ నిలబడితే మడమ దిగిపోతుంది.

ఏ పనైనా వేసవిలో కాలువలు కట్టేశాకే మొదలుపెడదామన్నాను. డెల్టాలో నేల గుట్టు తెలిసేది అప్పుడే. వాడికి ఓపిక లేదు, నాకు తొందర లేదు. మొత్తానికి మే నెలలో గొయ్యి తవ్వించాను. పైన అడుగు మేర వేళ్లు అల్లుకున్న నల్లమట్టి. దాని కింద నీలిబూడిద రంగు బంకమట్టి, పారకు జున్నుముక్కలా తెగుతుంది, కుళ్లిన ఆకు వాసన వేస్తుంది. నాలుగడుగుల దగ్గర నీళ్లు ఊరాయి. కాలువ ఎండిన రోజుల్లోనే అంత పైన ఉన్నాయంటే వానాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. తర్వాత నాలుగు మూలలా ఒక ఇనుప ఊచను చేత్తో గుచ్చి చూశాను. బంకమట్టిలో మెత్తగా దిగిపోయి, అయిదడుగుల దగ్గర కరకరమని ఆగింది. ఆ కరకర ఇసుకది. గోదావరి ఎప్పుడో అటుగా పారినప్పుడు వదిలిపెట్టిన సన్నని ఇసుక. మూడు మూలల్లో అయిదడుగులకు తగిలింది, నాలుగో మూలలో ఇంకో అరడుగు దిగాక తగిలింది. పాత గూడు ఒరిగింది సరిగ్గా ఆ మూలకే.

మేస్త్రి వచ్చి చూసి, "రెండడుగులు గ్రావెల్ తోలించి స్లాబు పోసేద్దామండీ, కదలదు" అన్నాడు. ఈ మాట మా ప్రాంతంలో ఎంత మంది చేత ఎంత డబ్బు తగలబెట్టించిందో లెక్క లేదు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. గూడు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. చుట్టూ అడుగు వదిలితే మెరక 12 అడుగులు, 8 అడుగులు. రెండడుగుల ఎత్తుకు 192 ఘనపు అడుగుల మట్టి. తడిసిన గ్రావెల్ ఘనపు అడుగు 50 కిలోలకు తగ్గదు కాబట్టి దాదాపు పది టన్నులు. గూడు చూస్తే చెక్క, రేకు, జాలీ, గింజలు, పావురాలు, లోపల ఊడ్చే మనిషి అంతా కలిపి అర టన్ను. అర టన్నును మోయించడానికి దానికి ఇరవై రెట్ల బరువు తెచ్చి, ఏ నేల మెత్తగా ఉందని భయపడుతున్నామో ఆ నేల నెత్తినే పెడతామన్నమాట. బంకమట్టి ఆ బరువుకు వెంటనే లొంగదు. లోపలి నీరు కొద్దికొద్దిగా పిండుకుంటూ ఏళ్ల తరబడి కుంగుతుంది. అన్ని పక్కలా సమానంగా కుంగితే గొడవే లేదు, పావురాలకు ఎత్తు రెండంగుళాలు తగ్గితే వచ్చే నష్టమూ లేదు. కానీ మట్టి ఒక మూల మందంగా, ఒక మూల పలచగా ఉన్నచోట సమానంగా కుంగడం జరగని పని. స్లాబు ముందు పగులుతుంది, తర్వాత ఒరుగుతుంది.

రెండో దారి సరుగుడు గుంజలు దిగ్గొట్టడం. ఇది మంచి పద్ధతే, పాతది కూడా. అయితే దానికొక షరతుంది. కర్ర ఎప్పుడూ నీటిలోనే ఉంటే గాలి తగలదు కాబట్టి పుచ్చదు, పూర్తిగా పొడిగా ఉన్నా చాలాకాలం నిలుస్తుంది. తడీ పొడీ మారుతుండే చోటే దానికి చావు. అంటే గుంజ తలకాయ మే నెల నీటిమట్టం కన్నా కిందే ఉండాలి. మా పల్లంలో ఆ మట్టం నాలుగడుగుల లోతులో ఉంది. అంత లోతున గుంజలు ఆపి, అక్కడి నుంచి మళ్లీ కాంక్రీటు లేపడం దేనికి? కట్టేది పావురాల గూడు.

నాకు తోచింది నూతి వరలు. మరుగుదొడ్ల గోతులకు, బావులకు వాడే సిమెంటు వరలే. మా జిల్లాలో ఏ ఊరి రోడ్డు పక్కన చూసినా దొంతులుగా పేర్చి అమ్ముతుంటారు. రెండున్నర అడుగుల వ్యాసం, అడుగు ఎత్తు. గూటికి ఆరు కాళ్లు, ఒక్కో కాలి కింద ఒక్కో చిన్న బావి. వరను నేల మీద పెట్టి లోపలి మట్టి తీస్తుంటే అదే దిగుతుంది, దాని మీద ఇంకో వర. ఇసుక తగిలేదాకా దించి లోపల నింపేయడమే. ఇదేమీ నా తెలివి కాదు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టినప్పుడు కింద రాయి లేదు, ఉన్నది ఇసుకే. లోతు తెలియని ఇసుక మీద కట్టడం నిలబెట్టే విద్యను కావేరి మీద చోళుల కాలపు ఆనకట్ట కల్లణైని చూసి నేర్చుకున్నామని కాటన్ దొర స్వయంగా ఒప్పుకున్నాడు. ఏటా ఆయన విగ్రహానికి దండలు వేసే మావాళ్లు ఆ మాట మాత్రం చెప్పుకోరు.

వరలు దించడానికి వచ్చిన పెద్దాయన చిన్నప్పటి నుంచీ బావుల పనిలోనే ఉన్నవాడు. పొట్టి కాడ పారతో లోపల గొంతుక్కూర్చుని, ఒక పక్క రెండు పారలు తీస్తే ఎదురుగా రెండు పారలు తీసేవాడు. వర ఒక వైపు ఒరిగిందా, ఒరగని వైపు మట్టి కొంచెం ఎక్కువ గీకితే మళ్లీ సర్దుకునేది. పైన అంచు మీద నేను రసమట్టం పెట్టి చూస్తుంటే, "బాబుగారూ, మీ గాజుబుడ్డి కన్నా నా కాళ్లకే ముందు తెలుస్తుంది" అన్నాడు. నిజమే, నేను నోరు తెరిచేలోపే ఆయన సరిచేసేవాడు.

నాలుగడుగులు దాటాక నీళ్లు. మావాడు మోటారు తెచ్చి తోడబోయాడు. పెద్దాయనా నేనూ ఒకేసారి అరిచాం. ఇసుకలో దిగిన బావిని ఖాళీ చేస్తే బయటి నీరు అడుగు నుంచి తన్నుకొస్తుంది, దానితో ఇసుకా పొంగుతుంది. తీసిన కొద్దీ నిండుతుంది. పైగా చుట్టూ నేల డొల్లబడి, ఏ గట్టి ఇసుక కోసం అంత లోతు వచ్చామో దాన్నే గుల్ల చేసుకున్నట్టవుతుంది. నీళ్లను అలాగే ఉండనిచ్చి, నీటి అడుగునే చేత్తో తడుముతూ తట్టలోకి ఎత్తాలి. ఆలస్యమవుతుంది, కానీ అడుగు చెదరదు.

అడుగున అడుగు మందాన కాంక్రీటు దిమ్మ. దాన్ని పైనుంచి దబ్బున పోస్తే సిమెంటు పాలు నీటిలో కలిసిపోయి కంకర మిగులుతుంది. గట్టిగా కలిపిన మాలును గోనెసంచిలో పెట్టి తాడుతో దించి, నేలకు ఆనాక మూతి విప్పించాను. ఆ దిమ్మలోనే ఒక 16 మిల్లీమీటర్ల ఊచ కొక్కెంలా వంచి నిలబెట్టాం. అది బావి మధ్యలోంచి పైదాకా వస్తుంది. నీరు ఎక్కి దిగే మేరలో తుప్పు తినకుండా దానికి ప్లాస్టిక్ గొట్టం తొడిగి సిమెంటుతో నింపాం. చుట్టూ ఇసుక పోసి తడిపి దిమ్మిసా వేశాం. పై అడుగు మళ్లీ కాంక్రీటు.

ఈ ఊచ ఎందుకని మేస్త్రి కూడా అడిగాడు. "బరువు కిందికి కదండీ ఉండేది?" ఇక్కడే నేను అందరితోనూ వాదిస్తాను. మెత్తటి నేల అనగానే కుంగడం గురించే ఆలోచిస్తారు, లేచిపోవడం గురించి ఆలోచించరు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో కోనసీమలో ఉన్నవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. మా వీధి రేకులు తెల్లారాక వరిచేలల్లో దొరికాయి. లెక్క తేలికే. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. మన తీరానికి ఇంజనీర్లు తీసుకునే వేగం 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఒత్తిడి 1500 న్యూటన్లు, వాడుక మాటలో 150 కిలోలు. గూటి కప్పు అయిదున్నర చదరపు మీటర్లకు పైనే. కప్పంతటినీ ఆ ఒత్తిడే పైకి లాగిందనుకుంటే ఎనిమిది వందల కిలోలు దాటుతుంది. గూడు బరువు అయిదు వందలు. ఇక అది నేల మీద ఎందుకుంటుంది? ఊచ ఉంటే, గాలి పైకి లాగినప్పుడు అడుగు దిమ్మ కదలాలి. అది కదలాలంటే మీదనున్న ఇసుకా కాంక్రీటూ అంతా లేవాలి. దిమ్మతో కలిపి ఒక్కో బావిలో టన్నుకు పైగా బరువుంది. వరదనీటిలో మునిగితే ఆ బరువు సగానికి పడిపోతుందని పట్టుకున్నా ఆరు బావులకు మూడు టన్నులకు తగ్గదు.

పైపని తొందరగానే తేలిపోయింది. కాళ్లకు మూడంగుళాల జీఐ గొట్టాలు. చెక్క కాళ్లు వద్దన్నాను, చెదలు ఊరుకోవు. గొట్టం అడుగున రేకుబిళ్ల, దానికి నాలుగు బోల్టులు, ప్రతి బోల్టుకూ బిళ్ల కిందొక నట్టు, పైనొక నట్టు. గూటి నేల భూమికి మూడున్నర అడుగుల ఎత్తున. ప్రతి కాలికీ సగం ఎత్తున రేకు గరాటా బోర్లించాం, ఎలుక పైకి పాకలేదు. ఎలుక రాకపోతే దాని వెనకాల పాము రావడమూ తగ్గుతుంది. కింది భాగానికి గోడ కట్టి గొర్రెపిల్లలను కట్టేసుకుంటానన్నాడు మావాడు. కుదరదన్నాను. గాలి ఆడాలనే కదా ఇంత ఎత్తు.

పల్లంలో పావురాలకు అసలు శత్రువు తడి. రెట్టలో పడిన కాక్సిడియా అనే పేగు పరాన్నజీవి గుడ్లు పొడి నేల మీద ఎదగలేవు, చెమ్మ తగిలితేనే రోగం అంటించే స్థితికి వస్తాయి. చెమ్మ పట్టిన జొన్నకు బూజు, బూజు గింజ తిన్న పిల్లకు జబ్బు. అందుకే నేలకు పలకలు కాదు, సందులు వదిలి చెక్క బద్దలు వేయించాం. రెట్ట చాలామటుకు కిందికి రాలిపోతుంది. గూటి కింద అడుగు మందాన ఇసుక, చుట్టూ అడుగు లోతు బోదె, బోదెకు వాలు మురుగుకాలువ వైపు. వాన ఆగిన పూట గూటి కింది ఇసుకను గుప్పెట్లోకి తీసుకుంటే ముద్ద కట్టకుండా రాలిపోవాలి. రాలకపోతే బోదెలో ఎక్కడో ఆకులు అడ్డుపడ్డాయని అర్థం. ఎండిన రెట్ట ఊడ్చేటప్పుడు మాత్రం మూతికి మాస్కు పెట్టుకోరా అని ఇప్పటికీ పోరుతూనే ఉన్నాను. ఆ దుమ్ము ఏళ్ల తరబడి పీల్చిన పెంపకందార్లకు ఊపిరితిత్తులు వాచిపోతాయి. దానికి వైద్యంలో వేరే పేరే ఉంది. వాడు తుండుగుడ్డ చుట్టుకుని చాలంటాడు.

జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆగస్టులో పల్లం నిండాక నీళ్ల పైపు పట్టుకుని ఆరు కాళ్ల దగ్గరా మట్టం చూశాం. అయిదు కాళ్లు పెట్టినచోటే ఉన్నాయి. ఇసుక లోతుగా ఉన్న మూల బియ్యపు గింజంత దిగింది. కింది నట్లను కొంచెం పైకి తిప్పాం, సరిపోయింది. బిళ్ల కింది ఖాళీని సిమెంటుతో పూడ్చేస్తానని మేస్త్రి తొందరపడుతున్నాడు. ఒక వానాకాలం, దాని వెనక ఒక ఎండాకాలం గడిచి, మట్టి ఉబ్బడం, బీటలు వారడం రెండూ చూశాకే పూడ్చాలి. అందాకా నట్లకు గ్రీజు పూసి ఉంచమన్నాను.

ఇప్పుడు మావాడికి గూటి ముందు జాలీ వసారా కావాలట, పిల్ల పావురాలు చుట్టూ చూసి చోటు గుర్తుపట్టడానికి. "పెదనాన్నా, అయిదడుగులే కదా, ముందుకు దూలాలు పొడిగించేస్తే సరిపోదా?" అంటున్నాడు. పొడిగిస్తే ముందు కాళ్ల మీద బరువు పెరిగి వెనక కాళ్ల మీద తగ్గుతుంది, గాలి పట్టే వైశాల్యమూ పెరుగుతుంది. వసారా కావాలంటే దానికి వేరే రెండు బావులు దించాలి, గూటికీ దానికీ మధ్య అంగుళం సందు వదలాలి. అది కూడా వచ్చే మే నెలలో, కాలువలు కట్టేశాక.