ఫ్యాక్టర్ ఎక్కించినా రక్తం ఆగనప్పుడు: హీమోఫీలియాతో మా అనుభవం

మా బాబుని ఎత్తుకుంటే చంకల కింద మా వేళ్ల గుర్తులు నీలంగా కమిలిపోయేవి. నడక వచ్చాక పెదవి లోపల చిన్న గాటు పడితే రాత్రంతా రక్తం ఊరుతూనే ఉంది. రక్తపరీక్షల్లో ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే పీటీ మామూలుగానే ఉన్నాయి. అలాంటిదే ఇంకో పరీక్ష, ఏపీటీటీ మాత్రం బాగా ఎక్కువ. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ ఒక శాతం కూడా లేదు. తీవ్రమైన హీమోఫీలియా ఏ అన్నారు.

ప్రభుత్వాసుపత్రిలో ఫ్యాక్టర్ 8 ఉచితంగానే ఇచ్చారు. ఎక్కించాక వాపు తగ్గేది, పిల్లాడు మళ్లీ ఆడుకునేవాడు. అలా కొంతకాలం నడిచింది. ఒకసారి మోకాలి కీలులోకి రక్తం దిగింది. మోతాదు పెంచినా ఫలితం లేదు, కాలు చాపలేక ఏడుస్తూనే ఉన్నాడు. మందు పాడైందేమో అని మాకు ఒకటే టెన్షన్.

డాక్టరుగారు ఇన్‌హిబిటర్ పరీక్ష రాశారు, అంటే ఎక్కించిన ఫ్యాక్టర్‌ని అడ్డుకునే యాంటీబాడీలు ఒంట్లో ఉన్నాయేమో చూసేది. బాబు ప్లాస్మాని ఆరోగ్యవంతుల ప్లాస్మాతో కలిపి 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచుతారట. ఫ్యాక్టర్ 8 మీద యాంటీబాడీలు ఉంటే, బయటి ప్లాస్మాలోని ఫ్యాక్టర్‌ని కూడా అవి పనిచేయనివ్వవు. మా బాబుకి అవి బాగా ఎక్కువగానే ఉన్నాయి.

ఎందుకిలా జరిగిందో జీన్ రిపోర్ట్ వచ్చాక అర్థమైంది. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే ఫ్యాక్టర్ 8 జన్యువులో 22వ ఇంట్రాన్ అనే భాగం దగ్గర విరిగి, ఒక పెద్ద భాగం తిరగబడి ఉంది. తీవ్రమైన కేసుల్లో దాదాపు సగం మందికి ఉండేది ఇదే. దీనివల్ల ఒంట్లో ఆ ప్రోటీన్ పూర్తి రూపంలో తయారవదు. అందుకే బయటినుంచి ఎక్కించినదాన్ని, ముఖం తెలియని మనిషిని చూసిన వీధికుక్కలా, రోగనిరోధక వ్యవస్థ తరుముకుంటుంది. తీవ్రమైన హీమోఫీలియా ఏ ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 30 మందికి ఇలా జరుగుతుంది, అదీ ఎక్కువగా ఫ్యాక్టర్ ఎక్కించుకున్న రోజులు మాత్రమే లెక్కేస్తే, మొదటి 50 లోపే. జన్యువులో ఒక్క అక్షరం మారి, ప్రోటీన్ ఎంతోకొంత తయారయ్యేవాళ్లకి ఈ ముప్పు తక్కువ. అలాగని అంతా ఈ ఒక్క జన్యువు చేతిలోనే లేదు. ఒకే లోపం ఉన్న అన్నదమ్ముల్లో ఒకరికి ఇన్‌హిబిటర్ వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు, ఎందుకంటే రోగనిరోధక వ్యవస్థని నడిపే జన్యువులు వేరే ఉన్నాయి. అందుకే కొత్తగా ఫ్యాక్టర్ మొదలుపెట్టిన పిల్లల అమ్మానాన్నలకి నేను గట్టిగా చెప్పేది ఇదే: మందు పనిచేయట్లేదనిపిస్తే ఆలస్యం చేయకండి, ఇన్‌హిబిటర్ పరీక్ష అడగండి.

ఆ మోకాలికి, ఫ్యాక్టర్ 8తో పని లేకుండానే రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ 7ఏ ఇచ్చి గండం గట్టెక్కించారు. తర్వాత చర్మం కింద ఇచ్చే ఎమిసిజుమాబ్ మొదలైంది. ఫ్యాక్టర్ 9నీ 10నీ ఒకచోటికి చేర్చడం ఫ్యాక్టర్ 8 పని, దాని బదులు ఈ మందు ఆ పని చేస్తుంది. దీని నిర్మాణం వేరు కాబట్టి ఆ యాంటీబాడీలు దీన్ని ఏమీ చేయలేవు. నరం కోసం వెతుకులాట కూడా తప్పింది.

"మీ పుట్టింటి జబ్బు" అన్న మాట నేను చాలాసార్లు పడ్డాను. పరీక్షలో నేను క్యారియర్‌నని, అంటే ఆ లోపమున్న జన్యువు నాలోనూ ఉందని తేలింది. కానీ జన్యువు ఇలా తిరగబడటం దాదాపు ఎప్పుడూ మగవాళ్లలో వీర్యకణాలు తయారయ్యేటప్పుడే మొదలవుతుందనీ, అందులో ఎవరి తప్పూ ఉండదనీ డాక్టరుగారు మా అత్తయ్యని కూర్చోబెట్టి చెప్పారు. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట రాలేదు. గర్భం గురించి ఆలోచిస్తున్న మా చెల్లి కూడా పరీక్షకి రక్తం ఇచ్చింది.

బాబు స్కూలు బ్యాగులో ఇప్పుడు ఒక కార్డు ఉంటుంది. ఎమిసిజుమాబ్ మీద ఉన్నవాళ్లకి ఏపీటీటీ మామూలుగానే కనబడుతుంది కాబట్టి, దాన్ని చూసి జబ్బు లేదనుకోవద్దనీ, కండలోకి ఇంజెక్షన్లు, ఆస్పిరిన్ ఇవ్వొద్దనీ అందులో రాశాం.