నెలలు నిండకముందే నొప్పులొస్తే ఇచ్చే స్టెరాయిడ్ గురించి

కాన్పు ముందే అయ్యేలా ఉంది, బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇస్తాం అని డాక్టరు అనగానే ఇంట్లోవాళ్లకి ముందు వచ్చేది భయమే. కడుపులో బిడ్డ ఉండగా స్టెరాయిడా అని. ఆ పేరు విని వెనకాడకండి, ముఖ్యంగా ఆలోచిస్తూ గంటలు పోగొట్టుకోకండి.

ఊపిరితిత్తుల్లో బోలెడన్ని బుల్లి గాలి గదులుంటాయి, లోపలంతా తడి, అందుకని ఊపిరి వదిలినప్పుడల్లా అవి ముడుచుకుపోతాయి. అలా జరగకుండా కాపాడేది సర్ఫాక్టెంట్ అనే పదార్థం. అది సరిపడా తయారయ్యేది చివరి వారాల్లోనే. అంతకుముందే పుట్టిన బిడ్డ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతూ, ముక్కుపుటాలు ఎగరేస్తూ, ప్రతి శ్వాసకీ మూలుగుతూ ఉంటుంది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు పాట్రిక్ ఇదే జబ్బుతో రెండు రోజులు కూడా నిండకుండా చనిపోయాడు.

దారి దొరికింది గొర్రెల దగ్గర. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు, కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయో తెలుసుకుందామని కడుపులోని గొర్రెపిల్లలకి స్టెరాయిడ్ ఇచ్చి చూస్తుంటే, అంత ముందుగా పుడితే బతకకూడని పిల్ల ఒకటి ఊపిరి పీలుస్తూ కనిపించింది! ఆయన పిల్లల డాక్టరు హోవీతో కలిసి తల్లులకి ఇచ్చి చూశారు, ఫలితాలు 1972లో వచ్చాయి, ఊపిరి ఇబ్బందీ చావులూ తగ్గాయి. అయినా అమెరికాలో నిపుణుల బృందం దీన్ని గట్టిగా సిఫారసు చేసింది 1994లో. మధ్యలో పోయిన పిల్లల్ని తలుచుకుంటే నాకు చాలా బాధేస్తుంది.

మందు సాదాసీదాదే. తల్లి కండరానికి బీటామెథాసోన్ 12 మిల్లీగ్రాములు, 24 గంటల తేడాతో రెండుసార్లు, లేదంటే డెక్సామెథాసోన్ 6 మిల్లీగ్రాములు 12 గంటలకోసారి నాలుగుసార్లు. ఇవి మాయ దాటి బిడ్డకి చేరతాయి, ప్రెడ్నిసొలోన్ లాంటివాటిని మాయే చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది, అందుకే ఏ స్టెరాయిడ్ పడితే అది పనికిరాదు. సాధారణంగా 24 నుంచి 34 వారాల మధ్య, వారం లోపల కాన్పు అయ్యే అవకాశం నిజంగా ఉన్నప్పుడే ఇస్తారు, ఊరికే ముందుజాగ్రత్తగా అందరికీ కాదు. షుగరున్న తల్లికి కొన్ని రోజులు షుగర్ బాగా పెరుగుతుంది, దాన్ని చూసుకోవాలి. మళ్లీ మళ్లీ ఇస్తే బిడ్డ బరువు తగ్గొచ్చు.

మొదటి డోసు పడ్డాక ఒక రోజు నుంచి వారం దాకా ఫలితం బాగా ఉంటుంది, కొన్ని గంటల్లోనే కాన్పు అయిపోయినా ఎంతోకొంత మేలే. కాబట్టి నెలలు నిండకుండా నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఇంకో ఆసుపత్రికి పంపిస్తుంటే, బయల్దేరేలోపే మొదటి డోసు ఇవ్వడానికి కుదురుతుందా అని అడగండి, ఇస్తే ఏ మందో, ఎన్ని గంటలకో చీటీ మీద రాయించుకోండి, అవతలి డాక్టరు మొదట అడిగేవాటిలో అదొకటి.