మే నెలలో మొదలుపెట్టి ఐసెట్ రాశాను: నా అనుభవం

ఉద్యోగం చేసుకుంటూ, కోచింగ్‌కి వెళ్లే తీరిక లేకుండా, నెల రోజుల్లో ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయవచ్చా అని మా ఊరి చెల్లెళ్లు తరచూ అడుగుతున్నారు. రాయవచ్చు, సీటూ తెచ్చుకోవచ్చు. అయితే ఆ కాస్త సమయంలో ఏం చదవకుండా వదిలేయాలో మొదటి వారంలోనే తేల్చుకోవాలి. నేను ఎలా తేల్చుకున్నానో ఇక్కడ రాస్తున్నాను.

నాది బీకాం. దేవరకొండ దగ్గర పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. 2024లో హైదరాబాద్ బాలానగర్‌లో ఒక మందుల కంపెనీ అకౌంట్స్‌లో పనిచేస్తూ దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండేదాన్ని. మే మొదటి వారంలో మా సెక్షన్ మేడం "ఎన్నాళ్లమ్మా ఈ వోచర్లు? ఐసెట్‌కి అప్లై చెయ్, ఇంకా తీసుకుంటున్నారు" అన్నారు. ఎంబీఏ చేయాలని డిగ్రీ అయినప్పటి నుంచీ మనసులో ఉంది. ఆ రాత్రే అప్లికేషన్ నింపేశాను. పరీక్ష జూన్ 5, 6 తేదీల్లో. మొదట 4, 5 అన్నారు గానీ, 4న లోక్‌సభ ఓట్ల లెక్కింపు పడడంతో ఒకరోజు వాయిదా వేశారు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. తెలంగాణలో ఎంబీఏ, ఎంసీఏ రెండింటికీ ఇదే ప్రవేశ పరీక్ష. ఆ ఏడాది ఉన్నత విద్యామండలి తరఫున కాకతీయ విశ్వవిద్యాలయం నిర్వహించింది. కంప్యూటర్ మీద రాయాలి. 200 ప్రశ్నలకి 150 నిమిషాలు ఇస్తారు. అనలిటికల్ ఎబిలిటీకి 75 మార్కులు, మ్యాథమెటికల్ ఎబిలిటీకి 75, కమ్యూనికేషన్ ఎబిలిటీకి 50. సెక్షన్‌కి ఇంత అని విడిగా టైం లేదు. నెగెటివ్ మార్కులు లేవు. క్వాలిఫై కావడానికి 25 శాతం, అంటే 50 మార్కులు వస్తే చాలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకి ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. అయితే క్వాలిఫై అయినంత మాత్రాన మనకి కావలసిన కాలేజీ రాదు, దానికి ర్యాంకు కావాలి.

ప్రశ్నకి ఎంత సమయం దొరుకుతుందో లెక్క వేస్తే 45 సెకన్లు తేలింది. నా ప్లాన్ అంతా ఈ అంకె మీదే కట్టాను. 45 సెకన్లలో నాకు రానిది, నెల రోజుల్లో ఆ వేగానికి తెచ్చుకోలేనిది ఏదైనా సరే పక్కన పెట్టేయాలనుకున్నాను. కోఠిలో పాత పుస్తకాల షాపులో ఒక ఐసెట్ గైడ్ కొన్నాను, పాత ప్రశ్నపత్రాలు ప్రింట్ తీయించుకున్నాను. మొదటి రెండు మూడు రాత్రులు ఏమీ చదవలేదు. పాత పేపర్లలో ఒక్కో ప్రశ్న పక్కన "వచ్చు", "నేర్చుకోవచ్చు", "వద్దు" అని పెన్సిల్‌తో రాసుకుంటూ పోయాను. వడ్డీ, శాతాలు, లాభనష్టాలు, నిష్పత్తులు "వచ్చు" కిందకి వెళ్లాయి. అంకగణితానికి 35 మార్కులు ఉంటాయి, అకౌంట్స్ ఉద్యోగంలో రోజూ చేసే పని కాబట్టి వేగం దానంతట అదే ఉంది. సగటు, మధ్యగతం, బాహుళకం లాంటి స్టాటిస్టిక్స్‌కి 10 మార్కులు, డిగ్రీలో చదివినవే. బీజగణితం, రేఖాగణితం కలిపి 30 మార్కులు. అందులో త్రికోణమితి, అవధులు, అవకలనాలు "వద్దు" అని రాసేశాను. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకి అవి తేలికే కావచ్చు. నేను మాత్రం మొదటి నుంచీ మొదలుపెట్టాలి, అందుకు సమయం లేదు.

సమయం ఎక్కువ పెట్టాల్సింది అనలిటికల్ మీద. దీనికి వెనక చదువు ఏమీ అక్కర్లేదు, ఏ డిగ్రీ వాళ్లయినా ఒకే గీత మీద నిలబడతారు. పైగా ఇద్దరికి సమాన మార్కులు వస్తే ముందు ఈ సెక్షన్ మార్కులే చూసి ర్యాంకు ఇస్తారు. సిరీస్ (అంకెలు, అక్షరాల వరుసలు) 25, డేటా సఫిషియెన్సీ 20, కోడింగ్, డేటా అనాలిసిస్, తేదీలు–అమరికలు తలా 10.

వీటిలో డేటా సఫిషియెన్సీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చాలామంది దాన్ని చూసి భయపడతారు గానీ, సమయం తక్కువున్నవాళ్లని ఆదుకునేది అదే. ప్రశ్న ఇచ్చి కింద రెండు వాక్యాలు ఇస్తారు. జవాబు ఎంత అని అడగరు, జవాబు చెప్పడానికి ఆ వాక్యాలు సరిపోతాయా అని అడుగుతారు. ఉదాహరణకి: ఒక దీర్ఘచతురస్రం వైశాల్యం ఎంత? 1వ వాక్యం: చుట్టుకొలత 40 సెంటీమీటర్లు. 2వ వాక్యం: పొడవు వెడల్పుకి 3 రెట్లు. మొదటిదాన్ని ఒక్కదాన్నే తీసుకుంటే పొడవు 12, వెడల్పు 8 కావచ్చు, 15, 5 కూడా కావచ్చు, కాబట్టి చాలదు. రెండోదాంట్లో కొలతే లేదు, చాలదు. రెండూ కలిపితే పొడవు, వెడల్పు ఖాయంగా తేలిపోతాయి. అంతే, "రెండూ కలిపితే సరిపోతుంది" అన్నదాన్ని గుర్తుపెట్టి ముందుకు వెళ్లాలి. వైశాల్యం 75 చదరపు సెంటీమీటర్లు అని లెక్క కట్టడం ఇక్కడ అనవసరం. బడిలో ప్రతి లెక్కనీ చివరిదాకా చేయించి, జవాబు కింద గీత గీయించి అలవాటు చేశారు కదా, మధ్యలో ఆగడం మొదట్లో చేతికి రాదు. రోజూ కొన్ని చేస్తూ పోతే ఒక వారంలో వస్తుంది. అప్పటి నుంచి ఒక్కో ప్రశ్నకి అరనిమిషం కూడా పట్టలేదు, మిగిలిన ఆ సెకన్లు సిరీస్‌కి పనికొచ్చాయి.

చదువు చాలావరకు మెట్రోలోనే జరిగింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి బాలానగర్‌కి రెడ్ లైన్‌లో రైలు మారనక్కర్లేదు. పొద్దున నిలబడే ప్రయాణం, రాయడానికి వీలుండదు కాబట్టి నోటితో చేసే లెక్కలు పెట్టుకున్నాను. క్యాలెండర్ లెక్కలు అందుకు బాగా కుదిరాయి. 2014 జూన్ 2, తెలంగాణ ఏర్పడిన రోజు, సోమవారం. మరి 2024 జూన్ 2 ఏ వారం? పదేళ్లకి పది రోజులు, మధ్యలో వచ్చిన ఫిబ్రవరి 29లు మూడు (2016, 2020, 2024), మొత్తం 13. వారాలు తీసేస్తే 6 మిగులుతుంది. సోమవారానికి ఆరు కలిపితే ఆదివారం. ఇలా నాకు తెలిసిన తేదీలు, మా ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు పట్టుకుని అమీర్‌పేట వచ్చేలోపు కొన్ని తేల్చేదాన్ని. గడియారం ముళ్ల మధ్య కోణం కూడా అంతే. గంటని 30తో, నిమిషాలని 5.5తో గుణించి తేడా చూడడం. 3 గంటల 20 నిమిషాలకి 90, 110, తేడా 20 డిగ్రీలు.

"నేర్చుకోవచ్చు" కింద పెట్టినవాటిలో పెట్టిన సమయానికి తగ్గ ఫలం ఇచ్చినవి సత్యపట్టికలు, అంటే ఒక వాక్యం ఎప్పుడు నిజం, ఎప్పుడు అబద్ధం అని చూపే పట్టికలు. "పి అయితే క్యూ" అన్న వాక్యం ఎప్పుడు అసత్యమవుతుంది? పి నిజమై, క్యూ అబద్ధమైనప్పుడు మాత్రమే. ఈ ఒక్కటి గట్టిగా పట్టుకుంటే మిగిలినవి రెండు సాయంత్రాల్లో వచ్చేస్తాయి. సమితులు, శేష సిద్ధాంతం, శ్రేఢులు కూడా ఇలాగే ఒక్కో ఆదివారం చూసుకున్నాను.

తెలుగు మీడియం వాళ్లకి ఒక మాట. మొదటి రెండు సెక్షన్ల ప్రశ్నలు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంటాయి, ఉర్దూ ఎంచుకున్నవాళ్లకి ఉర్దూలో. నేను చాలా ప్రశ్నలు తెలుగులోనే చదివాను. క.సా.గు., గ.సా.భా. అని చూడగానే బుర్ర పరిగెత్తింది. చిన్నప్పటి నుంచి ఏ భాషలో లెక్క చేశామో ఆ భాషలో వేగం ఎక్కువుంటుంది, దాన్ని వాడుకోవాలి. కమ్యూనికేషన్ సెక్షన్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. దానికి కొత్తగా గ్రామర్ పుస్తకం పెట్టుకోలేదు. పదాలు, ప్రిపొజిషన్లు, బిజినెస్, కంప్యూటర్ పదజాలం పాత పేపర్లలోవే తిరగేశాను. ప్యాసేజీలకి ముందు ప్రశ్నలు చదివి తర్వాత ప్యాసేజీలోకి వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

మే 13న పోలింగ్. ఓటు వేయడానికి ఊరికి వెళ్లాను, ఆ రెండు రోజులూ సిటీ సగం ఖాళీ. ఎంజీబీఎస్ బస్టాండ్‌లో నిలబడడానికి చోటు లేదు. ఇంట్లో అమ్మకి విషయం చెప్తే "ఉద్యోగం వదిలేస్తావా బిడ్డా?" అని ఒక్కటే అడిగింది. సీటు వచ్చిన తర్వాత ఆలోచిద్దామన్నాను. నాన్న ఏమీ అనలేదు గానీ తిరిగి వచ్చేటప్పుడు బస్సు దాకా వచ్చి, ఖర్చులకి ఉంచమని డబ్బు చేతిలో పెట్టారు. ఊరి నుంచి వచ్చాక ఒక్క సాయంత్రం కూడా వృథా పోనివ్వలేదు.

ఆఖరి పది పన్నెండు రోజులు కొత్తవి చదవడం ఆపేసి పూర్తి పేపర్లు టైం పెట్టుకుని చేశాను. ఆదివారాలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లేదాన్ని. గ్రూప్స్‌కి చదివేవాళ్లు చెట్ల కింద కూడా కూర్చుని ఉంటారు, ఆ వాతావరణంలో రెండున్నర గంటలు కదలకుండా కూర్చోవడం కష్టమనిపించదు. మా హాస్టల్ రూమ్మేట్ కరీంనగర్ వైపు అక్క, గ్రూప్ 2కి చదివేది. నేను ఒక సిరీస్ దగ్గర కూరుకుపోవడం చూసి, "ఆ ఒక్కదాని మీద కూసుంటే వెనకున్న అయిదు పోతయ్ చెల్లె, ఇడిసిపెట్టు" అంది. అక్క చెప్పాక ఒక నియమం పెట్టుకున్నాను. సిరీస్‌లో రెండు రకాల తేడాలు చూడాలి, దొరక్కపోతే దాటేయాలి. ఈ దాటేయడాన్ని కూడా సాధన చేయాలి. ఇంట్లో పేపర్ చేసేటప్పుడు దాటకపోతే హాల్లో అసలు దాటలేం.

నాకు ఇబ్రహీంపట్నం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సెంటర్ పడింది, ఉదయం సెషన్. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు, కాబట్టి సిటీ బయట సెంటర్ పడినవాళ్లు గంటన్నర ముందే గేటు దగ్గరుండేలా బయల్దేరాలి. హాల్ టికెట్, గుర్తింపు కార్డు చూసి, బయోమెట్రిక్ తీసుకుని లోపలికి పంపారు. నేను డేటా సఫిషియెన్సీతో మొదలుపెట్టి, అంకగణితం, స్టాటిస్టిక్స్, తర్వాత కమ్యూనికేషన్ చేసి, సిరీస్‌కి ఆఖర్న వచ్చాను. రావని ముందే అనుకున్నవాటిని చదవను కూడా చదవలేదు. చివరి ఐదు నిమిషాలు పక్కకి పెట్టుకుని ఖాళీగా ఉన్న ప్రతి ప్రశ్నకీ ఏదో ఒక ఆప్షన్ పెట్టాను. నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు.

జూన్ మధ్యలోనే ఫలితాలు వచ్చాయి. కౌన్సెలింగ్ మాత్రం సెప్టెంబర్‌లో. ఈ మధ్య కాలం చాలా విలువైనది, ఎవరూ దీని గురించి చెప్పరు. మీ సేవలో ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు తీసుకోవడం, డిగ్రీ కాలేజీ నుంచి టీసీ, మార్కుల మెమోలు తెచ్చుకోవడం అప్పుడే చేసేయాలి. వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీల వరుస ఆన్‌లైన్‌లో పెట్టే ముందు నేను అనుకున్న కాలేజీలకి వెళ్లి, అక్కడ చదువుతున్నవాళ్లనే అడిగాను. క్లాసులు నిజంగా జరుగుతాయా, కంపెనీలు ఎవరెవరు వస్తున్నారు, కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్ల) ఫీజు కాక ఇంకా ఏమేం కట్టించుకుంటారు అని. వెబ్‌సైట్లో బాగా కనిపించిన రెండింటిని అలా లిస్టులోంచి తీసేశాను. ఆప్షన్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు కాబట్టి నచ్చిన వరుసలో పెట్టాను, ర్యాంకుకి అందదనుకున్నవాటిని కూడా పైన ఉంచాను. మొదటి విడతలోనే మెట్రోలో వెళ్లిరాగలిగే కాలేజీలో ఫైనాన్స్ ఉన్న కోర్సులో సీటు వచ్చింది. ఆఫీసులో నోటీసు ఇచ్చిన రోజు మేడం కొత్త క్యాలిక్యులేటర్ కొనిచ్చారు. ఇప్పటికీ క్లాసుకి అదే తీసుకెళ్తున్నాను.