ఓడ దిగి ఎడమకి తిరిగితే

"ఏడాదికోసారి వచ్చినవాళ్ళ దగ్గర కూడా లెక్కలేనా అండీ?"

ఈ మాట విని మూడు నెలలవుతోంది. డ్యూటీలో హెల్మెట్ పెట్టుకుంటున్నప్పుడు, రాత్రి రూములో అన్నం వండుకుంటున్నప్పుడు, ఏదో ఒక వేళ మళ్ళీ చెవిలో పడుతూనే ఉంది.

అన్నాయన తెలుగాయనే. ఓడలో పొద్దున టిఫిన్ దగ్గర, మనవాళ్ళు కనిపించారని సంతోషంగా వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నాడు. ఓడ ఆగబోయే మలేసియా రేవు పెనాంగ్‌లో ఏ టూరు తీసుకున్నారని అడిగాడు. ఓడవాళ్ళ టూరు తీసుకోలేదండీ, దిగి నడిచే చూస్తాం అన్నాను. ఆయన మా అమ్మ మోకాళ్ళకున్న బెల్టు చూశాడు. "పెద్దావిణ్ణి ఎండలో నడిపిస్తారా? ఏడాదికోసారి వచ్చినవాళ్ళ దగ్గర కూడా లెక్కలేనా అండీ?" అన్నాడు. మా ఆవిడ చెంచా కింద పెట్టేసింది. నేనేం జవాబు చెప్పలేదు. చెడ్డమనిషేం కాదు. లేచేటప్పుడు అమ్మకి మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చి మరీ వెళ్ళాడు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. ఊరికే తిట్టినవాడి మాటైతే ఆ పూటకే మర్చిపోయేవాణ్ణి.

మాది కళింగపట్నం దగ్గర పల్లెటూరు. పదకొండేళ్ళ నించి సింగపూర్ షిప్‌యార్డులో చేస్తున్నాను, ఇప్పుడు పైపింగ్ సూపర్‌వైజర్ని. ఇక్కడ భార్యాపిల్లల్ని దగ్గర పెట్టుకోవడానికి డిపెండెంట్ పాస్ కావాలంటే నెల జీతం కనీసం 6,000 సింగపూర్ డాలర్లుండాలి. నాకంత రాదు. అందుకని వేసవి సెలవుల్లో వాళ్ళే విజిట్ మీద వస్తారు. ముప్పై రోజులు. ఆ ముప్పైలోనూ సగం రోజులు నేను డ్యూటీలోనే ఉంటాను.

మా యార్డుకి టూరిస్టు ఓడలు కూడా మరమ్మత్తుకి వస్తాయి. డ్రై డాక్‌లో నీళ్ళు తోడేశాక అడుగున నిలబడి తలెత్తితే అపార్ట్‌మెంట్ల వీధి ఒకటి మీదికి ఒరిగినట్టుంటుంది. ఆ ఓడల్లో టాయిలెట్ లైన్లు మార్చాను, వాల్వులు మార్చాను, నా చేతుల మీద ఎన్ని మీటర్ల పైపు వెళ్ళిందో లెక్కలేదు. ప్రయాణికుడిగా మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. ఫోన్లో ఫొటో చూసి మా ఆవిడ, "అడుగునే తిరుగుతారు గానీ, మమ్మల్ని ఒకసారి పైకెక్కించరా?" అంది. ఆ ఏడాది ఓవర్‌టైం డబ్బులు పక్కన పెట్టాను. సింగపూర్ నించి పెనాంగ్ వెళ్ళొచ్చే మూడు రాత్రుల ప్రయాణం, మధ్య వారం కాబట్టి చవక. కిటికీ లేని గది, గోడలోంచి దిగే పైమంచాలతో కలిపి నలుగురికి పడకలు. అమ్మ, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప, నేను.

టికెట్టు కొన్నాక వచ్చింది అసలు సంగతి. ఓడ రేవులో ఆగిన రోజు దిగి ఏం చెయ్యాలి? ఓడవాళ్ళ బస్సు టూరు తలకి 80 డాలర్లు చెప్పారు. నలుగురికి 320. మన డబ్బుల్లో ఇరవై వేల పైమాటే. పాప స్కూల్లో ఒక టర్ము ఫీజు కట్టినా ఇంకా మిగులుతుంది.

మా ఫోర్‌మన్ పెనాంగ్‌లో పుట్టిన చైనీస్ మనిషి. అరవై దాటాయి, అందరం అంకుల్ అనే పిలుస్తాం. విషయం చెప్తే పొద్దుటి సేఫ్టీ మీటింగ్ కాగితం ఒకటి తీసి, వెనక్కి తిప్పి, నీలం మార్కరుతో మ్యాపు గీశాడు. ఓడ, గడియారం స్తంభం, నాలుగు వీధులు, జెట్టీ. ఇంతకుముందు నేనే గైడు పుస్తకంలోనూ చూడనిది అందులో ఒకటుంది. ప్రతి మలుపులోనూ చిన్న డబ్బా గీసి, పక్కన టాండాస్ అని రాశాడు. మలయ్‌లో టాయిలెట్‌కి అదే మాట. "అమ్మని తీసుకెళ్తున్నావు కదా. ముసలివాళ్ళు నడవలేక కాదు, టాయిలెట్ ఎక్కడుందో తెలియక నీళ్ళు తాగరు. నీళ్ళు తాగకే పడిపోతారు" అన్నాడు. తర్వాత అరుగులున్నచోట అడ్డగీతలు, నీడ ఉన్నచోట చుక్కలు పెట్టాడు. చివర పెద్ద అక్షరాల్లో టైం రాసి కింద రెండు గీతలు కొట్టాడు. "ఓడ నీ కోసం ఆగదు. వాళ్ళ బస్సులో వెళ్తే ఆగుతుంది. సొంతంగా దిగితే నీ పూచీ నీదే."

ఓడవాళ్ళ టూరుకి ఇచ్చే డబ్బులో నిజంగా విలువైంది నా లెక్కలో ఈ భరోసా ఒక్కటే. దాని బదులు మేం గంటన్నర ముందే వెనక్కి రావాలని పెట్టుకున్నాం. సింగపూర్‌కీ పెనాంగ్‌కీ టైం ఒకటే కాబట్టి గడియారం మార్చుకునే గొడవ లేదు.

మిగతా ఏర్పాట్లన్నీ ఇంటి దగ్గరే చేసుకున్నాను. మలేసియా మన పాస్‌పోర్టులకి 2023 డిసెంబరు నించి వీసా తీసేసింది గానీ, వెళ్ళే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అంతకన్నా ముఖ్యంగా చూసుకోవాల్సింది మళ్ళీ సింగపూర్‌లోకి రావడం. ఓడ దిగి వేరే దేశంలో అడుగు పెట్టి వస్తున్నాం కాబట్టి ఇంటివాళ్ళ వీసా ఒకసారికి మాత్రమే పనికొచ్చేదా, మళ్ళీ మళ్ళీ వాడుకునేదా అని చూసుకోకపోతే ఇరుక్కుంటాం. మలేసియా డబ్బులు, రింగిట్లు, ఓడలో మార్చుకోకుండా ముందే సింగపూర్ లిటిల్ ఇండియాలో మార్చి, అన్నీ చిన్న నోట్లే అడిగి తీసుకున్నాను. కొండ మీదికి వెళ్ళే రైలు ఎక్కాలని పాపకి ఆశ. నేను చూసినప్పుడు బయటి దేశాలవాళ్ళకి పెద్దలకి ముప్పై రింగిట్లు. డబ్బు కన్నా అక్కడ క్యూ ఎంతసేపో తెలియకపోవడమే భయమనిపించి వద్దన్నాను. అది ఒక్కటీ నాకింకా బాధే.

ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ ఊరికి ఆనుకునే ఉంది. టాక్సీ అక్కర్లేదు. గేటు దాటగానే తెల్లటి గడియారం స్తంభం, విక్టోరియా రాణి అరవయ్యేళ్ళ పాలనకి ఏడాదికి ఒక అడుగు చొప్పున అరవై అడుగులు, 1897 నాటి జూబ్లీ కోసం కట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల దెబ్బకి కాస్త వాలింది. పాప అక్కడే తల వంకరగా పెట్టి ఫొటో దిగింది. అక్కణ్ణించి ఎడమకి తిరిగితే బీచ్ స్ట్రీట్. పేరుకి బీచ్ గానీ సముద్రం కనపడదు. ఒకప్పుడు ఒడ్డు అదే, తర్వాత సముద్రాన్ని పూడ్చి ఊరిని ముందుకి జరిపారు. అంతా పాత బ్యాంకుల భవనాలు, పొద్దున వేళ ఒకవైపు నీడ. అంకుల్ చుక్కలు ఒక్కటీ తప్పలేదు.

పెనాంగ్‌లోనూ ఉన్న లిటిల్ ఇండియాలో క్వీన్ స్ట్రీట్ మీద మహామారియమ్మన్ గుడి, 1833 నాటిది. మధ్యాహ్నం గుడి మూస్తారని ముందు అక్కడికే వెళ్ళాం. అమ్మ గోపురం చూసి చెప్పులు విప్పేసి, "అమ్మోరు ఇక్కడికీ వొచ్చిందేట్రా!" అంది. నిమ్మకాయలు, వేపాకు, సాంబ్రాణి పొగ, ఏదీ ఆవిడకి చెప్పక్కర్లేకపోయింది. దీపం పెట్టి మెట్ల పక్కన కూర్చుంది. "మా తాత రంగం ఎల్లీటప్పుడు ఇలాటి ఊళ్ళే సూసుంటాడు" అంది. మా ఉత్తరాంధ్రలో రంగం, అంటే రంగూన్, వెళ్ళని వంశం తక్కువ. రంగూన్ మిల్లులకీ రేవులకీ కళింగపట్నం నించి, బారువ నించి ఓడలెక్కి పోయినవాళ్ళే. ఈ పెనాంగ్‌కి కూడా మద్రాసు, నాగపట్నాల నించి రజులా అనే ఓడ 1970ల మొదటి దాకా జనాన్ని డెక్కు మీద కూర్చోబెట్టి తెచ్చేది. అలా వచ్చిన వాళ్ళ పక్కన ఏ గైడూ నడవలేదు. ముందొచ్చినవాడు చెప్పిన గుర్తులే వాళ్ళకి దారి.

గుడి వెనక వీధిలోనే కాపిటన్ కెలింగ్ మసీదు, 1801లో మొదలైంది. ఆ కెలింగ్ అన్న మాట మన కళింగ నించే వచ్చిందంటారు. ఇప్పుడు మలేసియాలో మనవాళ్ళని ఆ మాటతో పిలిస్తే తిట్టినట్టే. అంకుల్ కూడా మసీదు పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. మాది కళింగపట్నం అని నేనెప్పుడూ ఆయనకి చెప్పలేదు. ఆ మసీదు గోడ పక్కన నీడలో నిలబడి పాపకి చెప్పాను, మన ఊరి పేరే ఇది అని. పాప తలూపి మ్యాపు మీద పెన్సిల్‌తో "మన ఊరు" అని రాసింది.

తొందరగానే అరిటాకు భోజనం చేసేశాం. ఇద్దరు పెద్దవాళ్ళు తినగలిగినంత ఒక్కో ఆకులో వడ్డించారు. ఆర్మీనియన్ స్ట్రీట్‌లో గోడ మీద ఇద్దరు పిల్లలు సైకిల్ తొక్కుతున్న బొమ్మ ఉంది, 2012లో ఒక లిథువేనియా చిత్రకారుడు వేసింది. పిల్లలు రంగులు, సైకిలు మాత్రం నిజందే. దాని ముందు వరసలో నిలబడినంతసేపూ మా ఆవిడ చున్నీ అమ్మ తల మీద కప్పి పట్టుకుంది.

ఆ వీధి చివర రోడ్డు దాటితే చ్యూ జెట్టీ. సముద్రంలో దిగేసిన స్తంభాల మీద చెక్క వంతెన, దానికి రెండువైపులా ఇళ్ళు. చ్యూ అన్న ఇంటిపేరు వాళ్ళందరూ ఒకచోట కట్టుకున్న పేట. పక్కన వేరే ఇంటిపేర్లవాళ్ళ జెట్టీలున్నాయి. ఒకప్పుడు ఓడల్లో సరుకు దించిన కూలీలు, చేపలవాళ్ళు. పలకల సందుల్లోంచి కింద నీళ్ళు కనిపిస్తున్నాయి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక కొట్టు ముందు చైనీస్ ముసలావిడ ఎండు రొయ్యలు ఏరుతోంది. అమ్మ ఆగింది. ఒక రొయ్య తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసి, "బాగా ఎండలేదు. ఇంకో రెండెండలు తగల్లి" అంది ఆవిడతోనే, తెలుగులోనే. ఆవిడకేం అర్థమైందో, నవ్వి ఒక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు అమ్మ వైపు నెట్టింది. ఇద్దరూ పది నిమిషాలు పక్కపక్కన కూర్చుని రొయ్యలేరారు. మేమేమీ కొనలేదు, ఆవిడ కొనమననూ లేదు. మ్యాపులో అంకుల్ అక్కడ అడ్డగీత పెట్టలేదు. పాప పెట్టింది.

అక్కణ్ణించి జెట్టీ బస్టాండ్‌కి నడిచి, ఊరి నడిబొడ్డున తిరిగే ఉచిత బస్సు ఎక్కాం. ఏసీలో అమ్మ కాళ్ళు చాపుకుంది. కొమ్టార్ టవరు దాకా వెళ్ళి ఒక చుట్టు తిరిగి మళ్ళీ జెట్టీ దగ్గరే దిగాం. చెండోల్ అనే చల్లటి తీపి ఒకటే కొని నలుగురం తిన్నాం. కావాలనే ఒకటి. అమ్మకి షుగరు. రెండున్నరకి ఓడలో ఉన్నాం. అందరూ ఎక్కాల్సిన టైం నాలుగు. మొత్తం ఖర్చు 96 రింగిట్లు, ముప్పై డాలర్లకి ఒకటి తక్కువ.

ఆయనకి చెప్పాలనుకుని చెప్పలేకపోయిన జవాబు ఆ రాత్రి పైమంచం మీద పడుకుంటే దొరికింది. నా మొహానికి అడుగు దూరంలో సీలింగ్ పలక. దాని వెనక నేను యార్డులో వేసేలాంటి పైపులే ఉంటాయి. లెక్కలు వేసిన మాట నిజమే. మిగిలిన 290 డాలర్లు నాకు అక్కరకొస్తాయన్నదీ నిజమే. కాకపోతే డబ్బు చెట్లకి కాసినా నేను ఆ బస్సెక్కేవాణ్ణి కాదేమో. పదకొండు నెలలు ఇంట్లోవాళ్ళకి నేను ఫోన్లో గొంతుని. ఫీజు కట్టమంటాను, డాక్టరు దగ్గరికి వెళ్ళమంటాను, వాళ్ళు వెళ్తారు. ఆ దారిలో నేనుండను. పెనాంగ్‌లో ఆ ఆరు గంటలూ నేను ముందు నడిచాను, వాళ్ళు నా వెనక వచ్చారు. ఎక్కడ ఎండో, ఎక్కడ నీడో, అమ్మకి ఎక్కడ కూర్చోవాలనిపిస్తుందో నాకు ముందే తెలుసు. గైడు జెండా వెనక నడిస్తే నేనూ వాళ్ళలాగే ఒక టికెట్టు అయ్యేవాణ్ణి. పొద్దుట అమ్మ, ఆయన లేచి వెళ్ళాక, "ఎండ మనకి కొత్తేట్రా? నువ్వు మొకం మాడ్సకు, నడు" అంది. ఆ ముక్క ఒక్కటే జవాబుగా సరిపోయేది, నాకప్పుడు తోచలేదు.

మ్యాపు అమ్మ తీసుకెళ్ళిపోయింది. అంకుల్‌కి చెప్తే, పోనీలే, నాకు కంఠతా వచ్చు అన్నాడు.

మొన్న ఆదివారం వీడియో కాల్ చేస్తే అమ్మ అరుగు మీద ఉంది. పక్కింటి అత్త పక్కన కూర్చుంది. వాళ్ళ అబ్బాయికి కూడా సింగపూర్‌లో పని దొరికిందట. నా కాల్ వచ్చిన సంగతి పట్టించుకోకుండా అమ్మ చెప్పుకుంటూ పోతోంది.

"ఓడ దిగ్గానే గడియారం తంబం ఉంటాది. ఎడమకి తిరిగీయడమే. నేరుగా ఎల్తే బేంకులు, ఎడం సేతి వేపు నీడ్నే నడు. కుడికి మలిగి మూడు సందులు దాటితే అమ్మోరి గుడి. గుడి పక్క సందులో టాండాసు ఉంది, సిగ్గుపడక ఎల్లిపో, నీళ్ళు తాగడం మానకు..."

నేను ఫోన్ పెట్టెయ్యకుండా వింటూ కూర్చున్నాను.