మా చంద్రగిరి వానలు, వానల్లేని ఏళ్ళు

టీవీలో అల్పపీడనం అన్నారో లేదో మా ఫ్యామిలీ గ్రూపులో పాత వీడియోలు తిరగడం మొదలైపోతుంది. అన్నీ 2021 నవంబర్‌వే. కపిలతీర్థంలో కొండమీంచి ఎర్రనీళ్ళు విరుచుకుపడేది, అలిపిరి మెట్ల మీద నీళ్ళు దూకేది, తిరుచానూరు దగ్గర ఏటి ఒడ్డున ఉండే ఇల్లు అట్నే ఒరిగి నీళ్ళలోకి పోయేది. ఈసారి బెంగుళూరులో ఉండే మా పిన్ని కూతురు 'అన్నా, మనూర్లో ఇంతకుముందు కూడా ఇట్లాంటివి జరిగినాయా' అని అడిగింది. దానికి రిప్లై టైప్ చేస్తా చేస్తా ఇంత పొడుగైపోయింది, అందుకే ఇక్కడ పెడతన్నా.

మాది తిరుపతి పక్కనే చంద్రగిరి. కోట తప్ప బయటోళ్ళకి ఇంకేం తెలీదు. మా ఊర్లో ముసలోళ్ళని కూర్చోబెట్టి కష్టకాలం గురించి అడిగి చూడండి, వరద మాట ఎత్తరు, కరువు సంగతే చెప్తారు. మేం ఆబగా తింటా ఉంటే మా అవ్వ 'ధాత కరువులో పుట్నారేమ్రా' అనేది. ధాత నామ సంవత్సరం అంటే 1876, ఆ కరువు 78 దాకా పోయింది, అప్పటికి మా అవ్వ కాదు కదా వాళ్ళమ్మ కూడా పుట్టుండదు, అయినా తిట్టు మాత్రం అట్నే దిగొచ్చింది. అప్పట్లో చిత్తూరు జిల్లానే లేదు, అది 1911లో వచ్చింది, అంతకుముందు మనమంతా ఉత్తర ఆర్కాటు జిల్లా. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోతా ఉంటే రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి కూలి తగ్గించినాడు, పొద్దస్తమానం కరువు పనిలో రాళ్ళు కొడితే ఒక పౌను గింజలు, పైన ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా రాదు. నాకైతే ఆ లెక్క చదివినప్పుడు అవ్వ తిట్టు గుర్తొచ్చి ఒకలాగ అయిపోయింది.

సరే మా కాలానికి వస్తే, 2002, 2003. నేను స్కూల్లో ఉన్నా. 2002లో అయితే దేశమంతా వానల్లేవు. ఇక్కడ చెనిక్కాయలు (వేరుశనగ) వేస్తే మొలక బాగానే వస్తుంది, పూత కూడా వస్తుంది, సరిగ్గా ఊడలు దిగే టైముకి నెలరోజులు చినుకుండదు, అంతే, చెట్టు పచ్చగానే ఉంటుంది కానీ పీకి చూస్తే కింద లొట్టలు. వానలు పడాలని ఊర్లో విరాటపర్వం చదివించినారు, పిల్లోళ్ళం రోకలికి కప్పని కట్టుకోని ఇంటింటికీ పోయి నీళ్ళు పోయించుకున్నాం (ఆ కప్పకి ఏం ఖర్మో పాపం). ట్యాంకర్ వస్తే బిందెల వరసలో మా అమ్మ చెప్పు పెట్టి చోటు పట్టేది, బిందె పెడితే ఎవరైనా పక్కకి జరుపుతారని.

మా నాయన కొండకింద చేన్లో మూడు బోర్లు వేయించినాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకోని ఒకాయన చేనంతా తిరిగి, టెంకాయ లేచి నిలబడిన చోట పాయింట్ అన్నాడు. తమిళనాడు తిరుచెంగోడు రిగ్గు బండి వచ్చింది. మొదటిది 350 అడుగులు, దుమ్ము. రెండోది 600, తెల్లదుమ్ము. మూడోదానికి రెండు జెర్సీ ఆవుల్ని అమ్మి 900 దాకా పోతే ఇంచిన్నర నీళ్ళు పడినాయి, మూడేళ్ళు వచ్చినాయి, తర్వాత మోటరు గాలి తాగడం మొదలుపెట్టింది. కేసింగ్ పైపు మీద ఒక రాయి పెట్టి నాయన వచ్చేసినాడు, మళ్ళీ ఆ పక్కకి పోలే.

దీనికి ఫోటో కూడా లేదు మా ఇంట్లో. ఏమని తీస్తారు చెప్పండి, నీళ్ళు రాని పైపుని?

ఈ ఎండిన ఏళ్ళల్లోనే ఇంకోటి జరిగింది, మా ఏరు స్వర్ణముఖి ఎంత వెడల్పో మనం మర్చిపోయినాం. మాకు ఏరంటే ఇసక, క్రికెట్, సాయంత్రం ఇసక ట్రాక్టర్లు. కల్యాణి డ్యామ్ గేట్లు ఎత్తడమనేది ఎప్పుడో గానీ చూసింది లేదు. వంకలు పూడ్చేసి ప్లాట్లు వేసినారు, చెరువు నిండి మొరవ (అలుగు) పారితే ఆ నీళ్ళు ఎట్ల పోవాలో అడిగినోడు లేడు. 2015 నవంబర్లో చెరువులు నిండితే పండగ చేసుకున్నాం, 2020లో నివర్ తుపానుకి ఏరు పారితే సెల్ఫీలు తీసుకున్నాం, అవి రెండూ హెచ్చరికలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలే.

2021 నవంబర్ 18, కార్తీక పౌర్ణమి ఘడియలు. తొండవాడ ముక్కోటి దగ్గర దీపాలు వదుల్దామని అమ్మ వత్తులు నెయ్యిలో నానేసి పెట్టుకుంది. ముసురు కాదది, బంగాళాఖాతంలో వాయుగుండం, మబ్బులొచ్చి శేషాచలానికి కొట్టుకోని మొత్తం ఇక్కడే కుమ్మరించేసినాయి. భీమా, కల్యాణి, స్వర్ణముఖి కలిసేది ముక్కోటి దగ్గరే, మూడూ ఒకేసారి వస్తే ఎట్ల ఉంటాదో ఆ రోజు చూసినాం. తెల్లారి అవతల రాజంపేట పక్క అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి ఊర్లకి ఊర్లే కొట్టుకుపోయినాయి, అది తల్చుకుంటే మాది కష్టమని చెప్పుకోడానికే సిగ్గు. రెండ్రోజులకి రాయలచెరువు కట్ట కారతా ఉందని కింద ఊర్లన్నీ ఖాళీ చేయించినారు, ఇసక మూటలేసి ఎట్లో నిలబెట్టినారు. డిసెంబర్ 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండలు పడి దారి మూసేసినారు.

తిరుపతి కృష్ణనగర్లో ఒకరింట్లో ఖాళీ సంపు భూమిలోంచి పైకి లేచి నిలబడింది, దాన్ని చూడ్డానికి జనం బారులు. మాయా లేదు మంత్రం లేదు, చుట్టూ భూమిలో నీళ్ళు నిండిపోతే ఖాళీ బిందె తేలినట్టే తేలింది.

వానలు తగ్గినాక నాయన, నేను చేను చూడ్డానికి పోయినాం, మోకాటి దాకా బురద. దూరం నుంచే గలగలమని సౌండు, వంకనుకున్నా. వంక కాదు, మూడో బోరు. రాయి పక్కకి దొర్లిపోయుంది, కేసింగ్ పైపు అంచులోంచి నీళ్ళు వాటంతటవే పొర్లతన్నాయి, మోటరు లేదు, కరెంటు లేదు. నేను ఫోన్ తీసి వీడియో ఆన్ చేసినా. నాయన వచ్చి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ పైపు మీద పెట్టి దోసిలితో పట్టుకోని తాగినాడు, ఇంకోసారి పట్టి తాగినాడు, 'ఇప్పుడొచ్చినావా' అన్నాడు దాన్తో.

ఆ వీడియో గ్రూపులో పెట్టలేదు. అందులో ఆయన వీపు తప్ప ఏం కనపడదు.