అమ్మ దురద, ఆ ట్యూబు

ఇవాళ ఎట్టకేలకు అమ్మని స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. నడుము దగ్గర, సరిగ్గా లంగా బొందు బిగించే చోట ఎర్రగా లేచి నెలల తరబడి ఒకటే దురద. రాత్రిళ్లు గోక్కుంటుంటే గాజుల చప్పుడుకి నాకు మెలకువ వచ్చేస్తుంది. చుట్టుపక్కల వాళ్లు తలా ఒక మాట చెప్పారు. వంకాయ మానెయ్యమని ఒకరు, వేడి చేసింది మజ్జిగ తాగమని ఒకరు, సర్పి అయ్యుంటుందని ఇంకొకరు.

డాక్టరమ్మ చూడకముందే చాలా అడిగారు. రాత్రిపూట ఎక్కువవుతుందా, వేళ్ల సందుల్లో ఉందా, ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా అని. అవి గజ్జి కోసం అడిగే ప్రశ్నలట. గజ్జి మొదటిసారి అంటుకుంటే దురద మొదలవడానికే కొన్ని వారాలు పడుతుంది, అందుకే పైకి బాగున్నవాళ్లతో సహా ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి. లేచిన దద్దు 24 గంటల్లోపే పోయి వేరేచోట లేస్తోందా? అలాగైతే అలర్జీ దద్దుర్లు కావచ్చు, వాటితో పాటు పెదాలు వాచినా ఊపిరి ఆడకపోయినా ఆగకుండా ఎమర్జెన్సీకి రావాలన్నారు. కొత్త మాత్రలు, కొత్త సబ్బు, షుగర్ సంగతి కూడా అడిగారు.

తర్వాత చీర కాస్త జరిపి చూశారు. మధ్యలో చర్మం మామూలు రంగుకి వచ్చేసింది, అంచు మాత్రం వంకర గీతగా ఉబ్బి పొట్టు లేస్తోంది. ఆ అంచు మీద బ్లేడుతో మెల్లగా గీకితే తెల్లటి పొట్టు గాజు పలక మీద పిండిలా రాలింది. దాని మీద ఫంగస్ ఉంటే కనిపించేలా చేసే పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపాగి మైక్రోస్కోప్‌లో చూసి, తామర అని, అంటే చర్మానికి పట్టిన ఫంగస్ అని తేల్చారు.

అప్పుడు అమ్మ సంచిలోంచి ట్యూబ్ తీసింది. మెడికల్ షాపులో ఇచ్చిందే. వెనక సన్నక్షరాల్లో క్లోబెటసాల్, దాంతో ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు. క్లోబెటసాల్ చాలా గట్టి స్టెరాయిడ్. రాసిన రెండ్రోజులకే దురద, ఎరుపు తగ్గుతాయి, మానగానే మళ్లీ వస్తాయి, ఈలోపు లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది, పైగా మచ్చ రూపే మారిపోయి డాక్టర్లు కూడా వెంటనే గుర్తుపట్టలేని పరిస్థితి వస్తుంది. 2018లోనే కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడగ్గానే ఇచ్చేశారు. నాకు నిజంగా కోపం వచ్చింది. అమ్మ వయసు ఆడవాళ్లు నడుమో తొడో పరాయివాళ్లకి చూపించడానికి చచ్చేంత సిగ్గుపడతారు, కౌంటర్ దగ్గరైతే ఏమీ చూపించక్కర్లేదు, “దురదకి ఏదైనా ఇవ్వండి” అంటే చాలు. ఆ సిగ్గు మీదే ఈ ట్యూబులన్నీ అమ్ముడవుతున్నాయి.

ట్యూబ్ పూర్తిగా ఆపెయ్యమన్నారు. రోజూ వేసుకోవడానికి మాత్రలు, మచ్చ అంచు దాటి చుట్టూ కాస్త ఎక్కువ మేర రాయడానికి వేరే క్రీము ఇచ్చారు. తగ్గినట్టు కనిపించినా మధ్యలో మానొద్దని గట్టిగా చెప్పారు. తువ్వాలు ఎవరిది వాళ్లదే, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి.

వచ్చేముందు అమ్మ మెల్లగా, “మా ఆయనకీ తొడ దగ్గర ఉందండీ” అంది. ఆయన్నీ తీసుకురమ్మన్నారు, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుందట. నాన్న మొదట నాకేం లేదన్నారు, రాత్రి భోజనాలయ్యాక శుక్రవారం వస్తానన్నారు.