బురదలో ముంచిన నలుపు

న్యూజీలాండ్‌లోని హామిల్టన్‌లో ఎనిమిదింటికి రావాల్సిన రోటొరువా బస్సు తొమ్మిదికి పది నిమిషాలుందనగా వచ్చింది. జూన్ నెల, అంటే అక్కడ చలికాలం. పైన సన్నటి జల్లు. 110 కిలోమీటర్లకు అంత డబ్బా అని టికెట్టు కొన్నప్పటి నుంచీ గొణుగుతూనే ఉన్నాను. "డాలర్లని యాభైతో హెచ్చవేయడం మానెయ్‌రా, లేకపోతే ఈ దేశంలో మంచినీళ్ళు కూడా తాగలేవు" అని అక్క ముందే చెప్పింది. మానడం నావల్ల కాలేదు.

రోటొరువాలో దిగగానే గంధకం వాసన. కుళ్ళిన కోడిగుడ్డు కంపు అంటారు అందరూ. నాకైతే దీపావళి మర్నాడు పొద్దున్నే మా వీధిలోకి వచ్చినట్టనిపించింది.

ముందు ఒక కొట్టులోకి వెళ్ళాను. పొనాము, అంటే ఇక్కడి మూలవాసులైన మావోరీల పచ్చరాయితో చేసిన లాకెట్లు అమ్ముతున్నారు. బొటనవేలి గోరంతది 180 డాలర్లు. దాని చీటీ మీద చీమంత అక్షరాల్లో చూస్తే, రాయి వేరే దేశం నుంచి తెప్పించినదట! ఇదేమిటని అడిగితే "చెక్కింది మాత్రం ఇక్కడే" అన్నాడు కొట్టతను. ఇక్కడి అసలు పొనాము దొరికేది దక్షిణ దీవిలో. 1997లో చట్టం చేసి దాని మీద హక్కు అక్కడి న్గాయ్ తాహు తెగకే తిరిగి ఇచ్చారు. పైగా పొనాముని ఎవరికి వారు కొనుక్కోకూడదు, ఎవరో ఒకరు ఇవ్వాలి అని కూడా అతనే చెప్పాడు. 180 డాలర్లు పెట్టి నాకిచ్చే పుణ్యాత్ములెవరు? బయటికొచ్చేశాను.

ఆ చిరాకుతోనే తె పుయాకి చేరాను, వేడినీటి ఊటలూ మావోరీల కళలూ చూపించే చోటు. వేడినీటి ఊట పోహుటు ముప్పై మీటర్ల ఎత్తుకు ఎగుస్తుందని అందరూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఎగిసింది, చూశాను, ఫోటోలో ఆవిరి తప్ప ఏమీ పడలేదు. ఆయుధాలు చూపించే కుర్రాడు మాత్రం చిరాకు కాస్త తగ్గించాడు. వాళ్ళ పొడవాటి కర్ర ఆయుధం తైయాహా. ఒక చివర నాలుక చాపిన ముఖం చెక్కి ఉంటుంది. కోసుగా ఉంది కదా, దానితోనే పొడుస్తారనుకున్నాను. అసలు దెబ్బ రెండో చివర, వెడల్పాటి అంచుతో పడుతుందట. మా పెదనాన్న కర్రసాములో చేసేదీ ఇదే, కళ్ళు ఒక చివర చూస్తుంటే దెబ్బ ఇంకో చివర నుంచి వచ్చేది. మెరె అనే పొట్టి ఆయుధం చేతికిచ్చాడు. గదలా ఊపబోతే ఆపాడు. అంచుతో ముందుకు పొడవాలి, కణతకి గురిపెట్టి. అసలైనవి పొనాముతో చేసేవాళ్ళు. ఇనుము తెలియని కాలంలో ఇసుకరాయి మీద నీళ్ళు పోస్తూ, గంధం చెక్కని సానమీద అరగదీసినట్టు నెలల తరబడి అరగదీయడమే పని. తర్వాత ఇనుప గొడ్డళ్ళు వచ్చాక, పాత రాతి గొడ్డళ్ళ పలకల్ని చాలావాటిని మెడలో వేసుకునే హే టికి బొమ్మలుగా మార్చుకున్నారట.

చలికి తాళలేక నేత బడిలో దూరాను. నా రోజంతా అక్కడే అయిపోయింది.

ఒక పెద్దావిడ కింద కూర్చుని హరకెకె అనే నార మొక్క ఆకుని ఆల్చిప్పతో గీస్తోంది. అందరూ ఆవిణ్ని ఫయెయా అంటున్నారు. అమ్మనీ, పిన్నినీ కూడా అలాగే పిలుస్తారట, నేనూ అలాగే పిలిచాను. మొక్క నడుమ ఉన్న మొవ్వునీ, దానికి అటూ ఇటూ ఉన్న ఆకుల్నీ కోయరు. మొవ్వు బిడ్డ, పక్కవి తల్లిదండ్రులు, బయటి ఆకులే మనవి అంది. పైచర్మం గీసేస్తే లోపల పట్టులాంటి నార, ముక. పెద్ద శాలువాలకు మగ్గం కూడా లేదు, రెండు గుంజల మధ్య దారం కట్టి వేళ్ళతోనే అల్లేస్తారు. ఆమె చేస్తున్నది పియుపియు, నాట్యంలో నడుముకు కట్టేది. ఆకుని అక్కడక్కడ మాత్రమే గీస్తుంది. గీసిన చోట రంగు పడుతుంది, గీయని చోట పడదు. ఆరాక ఆకు గొట్టంలా చుట్టుకుపోయి, కదిలితే గలగలమంటుంది.

"ఈ నలుపు ఎక్కడిది?" అన్నాను ఊరికే.

హీనౌ చెట్టు బెరడు ఉడికించిన నీళ్ళలో ముందు నానబెడతారట, తర్వాత చిత్తడి నేలల్లో దొరికే ఒకరకం నల్ల బురదలో ముంచుతారట. ఆ బురదలో ఇనుముంటుంది, బెరడులో వగరుంటుంది అంది.

నాకు నవ్వొచ్చింది. మాది కలంకారీ అద్దకాల పెడన. మా ఇంటి వెనక కుండలో ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళు పోసి పులియబెట్టేవాళ్ళు. ఆ కంపుకి స్కూల్లో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. కరక్కాయ నీళ్ళలో నాని ఆరిన బట్ట మీద ఆ రసంతో అచ్చు వేస్తే, వేసినచోటల్లా కాటుక నలుపు. ఆమెకి బురద, మాకు కుండ. ఆమెకి బెరడు, మాకు కరక్కాయ. ఫోన్లో మా వాళ్ళ అచ్చు దుప్పటి ఫోటో చూపించాను. వేళ్ళతో పెద్దది చేసి చేసి చూసింది. మ్యూజియంలలో పాత పియుపియులు ముందుగా విరిగిపోయేది నల్లటి చోటేనంది. ఇనుము నారని తినేస్తుందట.

సాయంత్రం బస్సు తప్పింది. తర్వాతి దానికి రెండు గంటలు. బస్‌స్టాప్‌లో చలికి వణుకుతూ నాన్నకి వీడియో కాల్ చేసి ఆమె ఇచ్చిన రంగు పీలిక చూపించాను.

"పచ్చరాయి కొన్నావా?"

"లేదు. ఇది చూడు, బురదలో ముంచి తీసిన నలుపు."

కళ్ళద్దాలు తెచ్చుకుని చాలాసేపు చూశాడు. తాతయ్య పెట్టెలో ఒక పాత దుప్పటి ఉంది, ఎర్ర పువ్వులు నిక్షేపంలా ఉన్నాయి గానీ వాటి చుట్టూ నల్ల గీతలున్న చోటల్లా చిల్లులే.

"వాళ్ళ నలుపు కూడా బట్టని తింటుందా?" అన్నాడు.

"తింటుందట."

"అయితే సరైన నలుపే" అన్నాడు.